ఒంటి కొవ్వొత్తిని ఓర్వలేని మా బావ

రెండు కొవ్వొత్తులను పక్కపక్కన పెట్టి చూడడం కోసం మా బావ ఒకసారి ఊరు ఊరంతటికీ కరెంటు తీయించాడు.

ఊరంతటికీ అంటే మరీ ఊరంతటికీ కాదు, మా వీధికి. మా వీధికి అంటే, ఆ వీధిలో ఆయన ఉండే మేడకి. ఇంకా నిలదీస్తే, ఆ మేడలో ఆయన వాటాకి. తీయించడం కూడా కాదు, స్టూలెక్కి తనే ఫ్యూజు పీకాడు. కానీ చీర సగం ఇస్త్రీలో ఆగిపోయిన మా అక్కయ్య అరిచిన అరుపు మాత్రం ఊరంతటికీ వినిపించింది. ఆ లెక్కన నేను చెప్పినదాంట్లో అబద్ధం పాలు తక్కువే.

మా బావకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఒంటి కొవ్వొత్తిని చూడలేడు. ఎక్కడైనా ఒక కొవ్వొత్తి వెలుగుతూ కనిపించిందా, దాని పక్కన ఇంకొకటి పెట్టాలి. ఉన్నది కంపెనీదైతే పక్కన చేత్తో పోసింది, ఉన్నది చేత్తో పోసిందైతే పక్కన కంపెనీది. పెట్టి, రెండింటి చుట్టూ తిరగాలి. జేబులో స్కేలు, మెడలో స్టాప్‌వాచీ, చంకలో నోటుపుస్తకం. పుస్తకంలో ప్రతి పేజీకీ నడిమధ్య గీత. ఎడమవైపు 'కంపెనీది', కుడివైపు 'చేతిది'. నోట్లో ఒకటే మాట, 'నిష్పక్షపాతంగా'.

ఇది పుట్టు జబ్బు కాదు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్లూ దుకాణాల వెంట తిరిగిన కాళ్లు ఇంట్లో ఆగుతాయా? వంటింటి నుంచి వరండాకి, వరండా నుంచి వంటింటికి. వాళ్లింట్లో ఆయన కోసం కొన్న పడక కుర్చీ ఇప్పటికీ కొట్లోంచి నిన్ననే తెచ్చినట్టు ఉంటుంది. "మీ బావ కూర్చోవడం నేను పెళ్లి ఫోటోలోనే చూశానురా. అదీ ఫోటోగ్రాఫరు భుజాలు పట్టి నొక్కితే" అంటుంది అక్కయ్య.

అలా తిరుగుతున్న మనిషి చేతిలో ఎవరో ఒక సువాసన కొవ్వొత్తి పెట్టారు. గాజు గ్లాసులో పోసింది. సోయా గింజల నూనెతో చేసిన మైనమట, నిమ్మగడ్డి వాసనట. అంతవరకు ఫరవాలేదు. కానీ గ్లాసు మీద 'నలభై గంటలు వెలుగును' అని అచ్చువేశారు. అచ్చు వేసినవాళ్లకు మా బావ సంగతి తెలియదు. స్టాప్‌వాచీ తీశాడు. కొవ్వొత్తి ముప్పై ఆరు గంటల ఇరవై నిమిషాలకు కొండెక్కింది.

"మిగతా మూడు గంటల నలభై నిమిషాలూ ఎక్కడికి పోయినట్టు?" అని ఇల్లంతా తిరుగుతూ మా అక్కయ్యను అడిగాడు.

"నేను తీయలేదండీ" అంది అక్కయ్య.

కంపెనీకి ఉత్తరం రాశాడు. వాళ్లు క్షమాపణ చెప్పి ఇంకొకటి పంపారు. అది ముప్పై ఆరు గంటల పది నిమిషాలే వెలిగింది. క్షమాపణ పది నిమిషాలు మింగిందని తేల్చి, చేత్తో పోసినవి ఎలా ఉంటాయో చూద్దామని ఒకటి కొనుక్కొచ్చాడు. అంతే, మనిషి చేయి దాటిపోయాడు.

పన్ను నొప్పని ఒకసారి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ముందుగదిలో బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. బావ బుగ్గ పట్టుకున్న చెయ్యి వదిలేసి సంచిలోంచి రెండోది తీశాడు.

"ఇదేమిటండీ?" అంది చీటీలు రాసే అమ్మాయి.

"దీనికి తోడు. నువ్వు చూడమ్మా, నిష్పక్షపాతంగా చెప్పు. ఏది ముందు నీ ముక్కుకి తగిలింది?"

"నాకు జలుబండీ."

"జలుబులో కూడా తగలాలి. అదే అసలు పరీక్ష."

పావుగంటలో అక్కడున్న తొమ్మిది మంది రోగులూ రెండు పార్టీలైపోయారు. వాచిన బుగ్గలతో కంపెనీ కంపెనీ అని కొందరు, చేతిది చేతిది అని కొందరు. అరుపులకు డాక్టరే బయటికొచ్చాడు. బావ పన్ను పీకించుకోకుండానే ఇంటికొచ్చేశాడు. మెట్లు దిగాక గుర్తొచ్చింది ఆయనకి, నొప్పి.

మనవరాలి పుట్టినరోజుకి ఇంకా ఘోరం. పాపకు ఎనిమిదేళ్లు నిండాయి, కేకు మీద ఎనిమిది వెలిగించారు. పాప బుగ్గలు పూరించింది. "ఆగు తల్లీ" అంటూ బావ తొమ్మిదోది గుచ్చాడు, చేత్తో చేసింది. పది నిమిషాలు కేకు చుట్టూ ప్రదక్షిణ. కంపెనీ మైనం కేకు మీద గులాబీ రంగు చుక్కలు పెడుతోంది. వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టి కొట్టి చేతులు దులుపుకున్నారు.

"తాతయ్యా" అంది పాప, "నాకు నిజంగా తొమ్మిదేళ్లు వచ్చేలోపు ఊదనిస్తావా?"

ఇలాంటి మనిషి ఉన్న మేడలోనే, ఆయన నెత్తిమీది వాటాలోనే, కొవ్వొత్తులు పోసుకుని బతుకుదామని ఒకావిడ దిగింది. ఆస్పత్రి క్యాంటీన్‌లో పదిహేనేళ్లు వంట చేసింది. క్యాంటీన్ మూసేశారు. చేతిలో ఉన్న విద్య కాచడం, కలపడం, ఒలక్కుండా పోయడం. ఆ మూడింటితోనూ అయ్యే పని ఏదా అని వెతుక్కుని సోయా మైనం పట్టుకుంది. మేడలో అందరూ ఆవిడను క్యాంటీనమ్మ అనేవారు. ఆవిడ మా బావను 'ఇన్‌స్పెక్టరు గారూ' అనేది. మొదట్లో గౌరవంగా. తర్వాత ఎలా అనేదో నేను రాయను.

ఎందుకంటే బావ వారానికి రెండుసార్లు మెట్లెక్కి ఆవిడ తలుపు కొట్టేవాడు. లోపలికి రమ్మంటే రాడు, కూర్చోమంటే కూర్చోడు. గుమ్మంలోనే అటూ ఇటూ నడుస్తూ పుస్తకం చదివేవాడు.

"పైన తెల్లటి పొడలు. కంపెనీదాని మీద లేవు. అడుగున గాజుకి మైనం అంటలేదు. వత్తి సన్నం, ఒక నంబరు పెంచు. నిన్న పోసి ఇవాళ వెలిగిస్తే వాసన ఎక్కణ్నుంచి వస్తుంది? పది రోజులు ఆగాలి. వాసన మైనంలో కుదురుకోవద్దూ?"

పది సెకన్లు ఒకచోట ఆగలేని మనిషి ఇంకొకరిని పది రోజులు ఆగమనడం చూసి నేను మెట్ల మీదే నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఆ పుస్తకంలో మంచిమాట ఒక్కటైనా ఉంటుందా అండీ?"

బావ పేజీలు వెనక్కి తిప్పాడు. "ఉంది. వత్తి నిటారుగా ఉంది."

ఆవిడ మొహం వికసించింది.

"అది పోయిన వారానిది" అన్నాడు బావ. "ఇవాళ్టిది వంగింది."

ఆయన మెట్లు దిగగానే ఆవిడ ఆ కొవ్వొత్తిని తీసుకెళ్లి మెట్లకింది చెత్తడబ్బాలో ధన్‌మని పడేసేది. ఐదు నెలలు ఇదే తంతు. ఆ ధన్ చప్పుడు వినిపిస్తే చాలు, వీధిలో వాళ్లు "తనిఖీ అయింది" అనుకునేవారు.

ఒక బుధవారం ఆవిడ నా దగ్గరికొచ్చింది. మెడలో తువ్వాలు, చేతులకు మైనం, కళ్లు ఎక్కడా నిలవడం లేదు.

"బాబాయి గారూ, బహుమతుల దుకాణం మేడం లేదూ, ఆవిడ అరలో ఒక వరుస ఖాళీ అయిందట. కంపెనీ వాళ్లు అడుగుతున్నారట, నేనూ అడిగాను. శనివారం రెండూ పక్కపక్కన వెలిగిద్దాం, ఏది బాగుంటే దానికి ఇస్తానంది."

"మంచిదేగా అమ్మాయ్!"

"తీర్పు చెప్పేది ఎవరనుకున్నారు?"

"మా బావా!" అన్నాను నేను.

"ఆయనైతే మొహమాటం లేకుండా చెబుతారని మేడమే అడిగిందట. అయిపోయింది బాబాయి గారూ. ఆ వరుస రాకపోతే నెలాఖరుకి వాటా ఖాళీ చేసి మా అన్నయ్య ఊరికి పోవడమే. వాడి హోటల్లో కౌంటరు దగ్గర కూర్చోమంటున్నాడు. కూర్చోవడం నా వల్ల కాదండీ. గరిటె తిప్పని చేతులు ఏం చేసుకోను?"

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అసలు బావ ఇంట్లో స్థిమితంగా ఉన్నది పోటీకి పెట్టబోయే కంపెనీ కొవ్వొత్తి ఒక్కటే. మేడం ముందుగానే దాన్ని బావకు అప్పగించింది, ఎవరి చేతికీ చిక్కకుండా ఆయన బీరువాలో ఉంటుందని. బీరువా తాళం ఎక్కడుంటుందో నాకు తెలియదని ఆవిడ ఎలా అనుకుందో మరి.

నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ని. ప్రార్థన గదిలో కొవ్వొత్తులు ఆర్పినందుకు సిస్టర్‌గారు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టిన గంటలన్నీ కలిపితే ఒక విద్యాసంవత్సరం వస్తుంది. కొవ్వొత్తితో కొంటెపని నాకు కొత్తకాదు. పైగా బావ ఉపన్యాసాలు విని విని నాకూ శాస్త్రం అబ్బింది. సోయా మైనానికి జ్ఞాపకశక్తి ఎక్కువ. మొదటిసారి వెలిగించినప్పుడు మైనం గాజు అంచుదాకా కరగాలి. మూడంగుళాల గ్లాసుకి మూడు గంటలు. మధ్యలో ఆర్పేశామా, కరిగినంత మేరే దాని హద్దు. తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా ఆ హద్దు దాటదు. నడిమధ్య బావిలాగా లోపలికి దిగిపోతుంది, చుట్టూ మైనం గోడలా మిగిలిపోతుంది.

శుక్రవారం సాయంత్రం బావ నడకకు వెళ్లాడు. ఇంట్లో నడిచింది చాలదని రోజూ వీధిలో కూడా నడుస్తాడు. నేను కంపెనీ కొవ్వొత్తి తీసి పది నిమిషాలు వెలిగించి ఆర్పాను. నల్లబడిన వత్తి కొసను అక్కయ్య గోళ్ల కట్టర్‌తో కత్తిరించి, మూత పెట్టి, బీరువాలో పెట్టేశాను. సిస్టర్‌గారు చూసి ఉంటే నాకు ఇంకో విద్యాసంవత్సరం పడేది.

శనివారం పదింటికి దుకాణంలో చేరాం. గాజు బొమ్మల అరల మధ్య ఒక చిన్న బల్ల. మేడం తాళాల గుత్తి వేలికి పెట్టి తిప్పుతోంది. క్యాంటీనమ్మ తన కొవ్వొత్తిని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది. మా అక్కయ్య కూడా వచ్చింది. బావ బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, రెండు మూతలూ తీసి, స్కేలు పెట్టాడు. ఒక్కసారిగా ఆగిపోయాడు.

"కంపెనీది వత్తి పొట్టిగా ఉంది."

"ఎంత?" అంది మేడం.

"ఒక మిల్లీమీటరు."

"ఒక మిల్లీమీటరుకేముందండీ!" అన్నాను నేను.

బావ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ వంగాడు. "వత్తి చుట్టూ బొత్తాం అంత మేర కరిగి గడ్డకట్టిన మచ్చ ఉంది. ఎవరో దీన్ని పది నిమిషాలు వెలిగించి ఆర్పారు. ఇది చెల్లదు."

నేను పైకప్పు వంక చూశాను. మంచి పైకప్పు.

క్యాంటీనమ్మ మొహం పాలిపోయింది. "ఇన్‌స్పెక్టరు గారూ, నిజం చెప్పండి. మీకు నా మీద పగేమిటండీ? నా దాంట్లో తప్పు దొరకలేదని ఇప్పుడు వాళ్లదాంట్లో వెతికి ఆపేస్తారా?"

"ఆపడం లేదు. కంపెనీ వాళ్లు పంపినవాటిలోంచి సీలు విప్పనిది ఇంకొకటి తీయండి. మళ్లీ మొదలుపెడదాం."

మేడం కొత్తది తీసింది. బావ రెండూ వెలిగించి స్టాప్‌వాచీ నొక్కాడు. నొక్కి, గోడవారగా ఉన్న కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, కూర్చున్నాడు.

కూర్చున్నాడు! వీపు కుర్చీకి ఆనించి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బడిపిల్లాడిలా!

నేను అక్కయ్య చెవిలో గుసగుసలాడాను. "అక్కయ్యా, బావ కూర్చున్నాడు. డాక్టర్ని పిలవనా?"

"అరవకు" అంది అక్కయ్య. "ఇది నలభై మూడోసారి."

"ఏమిటి?"

"పై వాటా అమ్మాయి చెత్తడబ్బాలో పడేసినవన్నీ ఈయన సంచిలో వేసుకొస్తారు. మధ్యాహ్నం వెనకగది తలుపేసుకుని ఒక్కొక్కదాని ముందూ మూడేసి గంటలు ఇలాగే కూర్చుంటారు. నలభై రెండు చూశారు. ఏ వత్తి సరిపోతుందో, ఎంత వేడిలో పోస్తే పొడలు రావో, అన్నీ అలా తేల్చినవే. మర్నాడు మెట్లెక్కి గుమ్మంలో చదివి వస్తారు."

"మరి కూర్చోవడం ఎందుకు?"

"నడిస్తే గాలి కదులుతుందట. మంట పక్కకి వంగుతుందట. మొదటి రోజే కనిపెట్టారు."

మొదటి గంట కంపెనీదే పైచేయి. వెలిగించిన ఐదు నిమిషాలకే గుప్పుమని నిమ్మగడ్డి వాసన. పైభాగం అద్దంలా నునుపు. ఆవిడది బుద్ధిగా, నిదానంగా వెలుగుతోందే తప్ప, ముక్కు దగ్గరపెట్టినా వాసన అంతంతమాత్రం. క్యాంటీనమ్మ ఒకచోట నిలబడలేక గాజు బొమ్మలు లెక్కపెడుతోంది. నేను నేల మీది పలకలు లెక్కపెట్టాను. మేడం తాళాలు తిప్పుతోంది. దుకాణం మొత్తంలో కదలకుండా ఉన్నవి రెండు మంటలూ, ఒక బావా.

క్యాంటీనమ్మ అటునుంచి ఇటు విసురుగా రాగానే బావ చెయ్యెత్తాడు. "అమ్మాయ్, నెమ్మదిగా. నీ మంటే వంగుతుంది."

ఆవిడ ఆగిపోయింది. ఐదు నెలల్లో ఆయన ఆవిడని అమ్మాయ్ అనడం అదే మొదలు.

రెండో గంటలో కంపెనీదాని వత్తి కొస పుట్టగొడుగులా ఉబ్బింది. మంట ఎత్తుగా లేచి గాజు అంచుకి మసి పట్టించింది. మూడో గంటకి వచ్చేసరికి ఆవిడ కొవ్వొత్తిలో మైనం అంచు నుంచి అంచుదాకా కరిగి నీళ్లలా తేరుకుంది. అప్పుడు మొదలైంది వాసన. తోసుకొచ్చేది కాదు. ఉన్నట్టుండి గది మొత్తం అదే అయిపోయింది. వీధిలో పోతున్న ఒక పెద్దావిడ గుమ్మంలో ఆగి, "ఏమిటమ్మా ఇది?" అంటూ లోపలికొచ్చి, కంపెనీదాన్ని దాటుకుని, తిన్నగా ఆవిడ కొవ్వొత్తి మీదికి వంగింది.

బావ లేచి పుస్తకం విప్పాడు. లేవగానే నడక మొదలైంది.

"నిష్పక్షపాతంగా. చూపుకి కంపెనీది. మూత తీయగానే వచ్చే వాసనకి కంపెనీది. మొదటి గంటకి కంపెనీది. అంచుదాకా కరగడంలో చేతిది. మసి లేకపోవడంలో చేతిది. గుమ్మందాకా వాసన పోవడంలో చేతిది. మూడుకి మూడు. సమానం."

"సమానమా!" అని నేనూ క్యాంటీనమ్మా ఒకేసారి అరిచాం. ఆయన్ని కుర్చీకి కట్టేసి కొట్టాలనిపించింది.

"సమానమైతే నన్నేం చేయమంటారండీ?" అంది మేడం.

"అది మీ దుకాణం, నేనెవణ్ని చెప్పడానికి? కొనుక్కున్నవాళ్లు ఇంటికెళ్లి మూత తీసి చూసి మళ్లీ పెట్టేస్తారో, వెలిగించుకుంటారో ఆలోచించుకోండి."

తాళాల గుత్తి తిరగడం ఆగింది. మేడం ఆ పెద్దావిడ వంక చూసింది. ఆవిడ ఇంకా అక్కడే వంగి ఉంది. "సోమవారం పన్నెండు తెచ్చి పెట్టమ్మా" అంది మేడం క్యాంటీనమ్మతో. "వత్తులు మాత్రం వంకర ఉండకూడదు."

"ఉండవు" అన్నాడు బావ, ఆవిడ నోరు తెరిచేలోపే.

దారిలో నన్ను పక్కకి లాగాడు. "మీ అక్కయ్య గోళ్ల కట్టర్ అంచు వంపుగా ఉంటుంది. వత్తి కొస వంపుగా తెగింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసురా నాది."

"మరి అక్కడే చెప్పలేదేం?"

"చెబితే ఆవిడే చేయించిందంటారు. సరే, నీ దొంగ గెలుపుతో ఆవిడ ఆ అరలో ఎన్నాళ్లుంటుంది? ఎవరో ఒకరు ఇంటికి రెండూ తీసుకెళ్లి సరిగ్గా వెలిగిస్తే తేలిపోదూ? అవసరం లేదురా ఆ దొంగవేషాలు. ఆవిడది నిలబడుతుందని నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

ఆయన నడక వేగం పెంచాడు.

క్యాంటీనమ్మ ఖాళీ చేయలేదు. సోమవారం పన్నెండు వెళ్లాయి, మరుసటి వారం మరో పన్నెండు. బావ ఇప్పటికీ మెట్లెక్కి తప్పులు చదువుతాడు. ఆవిడ ఇప్పుడు తలుపు తీసిపెట్టి, పెన్సిలు పట్టుకుని రాసుకుంటుంది. చెత్తడబ్బా మాత్రం ఖాళీ.

ఇదంతా రాసి మొన్న బావకు వినిపించాను. కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి నడుస్తూ విన్నాడు.

"మొత్తం అబద్ధం" అన్నాడు.

"ఏది బావా?"

"ప్రతి ముక్కా. నేను చెత్తడబ్బాలో చెయ్యి పెట్టలేదు. వెనకగదిలో కూర్చోలేదు. ఏ గదిలోనూ కూర్చోలేదు. ఆ అమ్మాయి కొవ్వొత్తి దానంతటది బాగుపడింది."

"అక్కయ్యే చెప్పింది కదండీ నలభై రెండని!"

"మీ అక్కయ్యకు లెక్కలు రావు" అన్నాడు బావ. "నువ్వు రాసినవాడెవడో నాకు తెలియదు. నేను మాత్రం కాదు."